మొఘల్‌పురా : కాలవిభజనకు ఒక పేట పేరు వేయు ప్రశ్న

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు కూతవేటు దూరమున, మొఘల్‌పురా యను పేట కలదు. పేరును విడదీసి చూచినచో పూర్వపదము మంగోలు శబ్దమునకు పారసీక రూపము. ఉత్తరపదము సంస్కృత పురశబ్దము, ఉర్దూ ఉచ్చారణమున దీర్ఘాంతమైనది. తైమూరు వంశీయులైన ఢిల్లీ చక్రవర్తులు తమను గూర్కానీలని చెప్పుకొనిరి. మొఘలులనునది ఇతరులు వాడిన పేరు. ఆ పేరు సంస్కృత పదముతో సమసించి తెలుగునేల నడుమ నిలిచినది. వైయాకరణులు దీనిని మిశ్రసమాసమని పక్కన పెట్టవచ్చును. చరిత్ర బోధించువారు మాత్రము విడువరాదు.

ప్రాచ్యకళాశాల విద్యార్థులకు మనము భారతదేశ చరిత్రను సామాన్యజ్ఞానముగా బోధింతుము. ప్రాచీనము, మధ్యయుగము, ఆంగ్లేయుల కాలము అని మూడు గడులు గీసి, మొఘలుల కాలము 1526తో మొదలని వ్రాయించుట వాడుక. పానిపట్టు యుద్ధమునకు ఆ సంవత్సరము సరియైనదే. కాని అప్పటికి గోలకొండలో సుల్తాన్ కులీ, విజయనగరమున శ్రీకృష్ణదేవరాయలు పాలించుచున్నారు. సమాధానపత్రములు దిద్దునపుడు గోలకొండను అక్బరుకు సామంతరాజ్యముగా చేసిన వ్రాతలను ఒకటికి మించి చూచితిని. తప్పు విద్యార్థులది కాదు, గడులది.

ప్రాచీన భాగమున ఈ చిక్కు అంతగా లేదు. మూసీతీరమున చైతన్యపురి వద్ద గుట్టమీది ప్రాకృత శాసనము గోవిందరాజ విహారమును పేర్కొనుచున్నది. కావున నగరమునకు 1591లో పునాది పడక పూర్వము ఇచట ఏమియు లేదనుట చెల్లదు. చిక్కంతయు మొఘలులతోనే.

హైదరాబాదున మొఘలుల అధికారము ఎప్పుడు మొదలైనది? దీనికి రెండు సమాధానములు కలవు. 1636లో అబ్దుల్లా కుతుబ్‌షా షాజహానుకు లోబడి సంధి పత్రము వ్రాసియిచ్చెను. ఖుత్బా చక్రవర్తి పేర చదివించుటకు, నాణెములు ఆయన పేర ముద్రించుటకు, ఏటేట రెండు లక్షల హొన్నులు కప్పము కట్టుటకు అంగీకరించెను. పత్రమును బట్టి గోలకొండ ఆనాడే మొఘలు సామ్రాజ్యమునకు సామంతము. అయినను శిస్తు వసూలు, ఉద్యోగుల నియామకము, పారసీక తెలుగు భాషలలో ఫర్మానాల జారీ అంతయు కుతుబ్‌షాహీ ప్రభువులదే.

రెండవ సమాధానము 1687. అంతకు ముందు ఏడాది మాదన్న, అక్కన్నలు గోలకొండలో హత్యకు గురియైరి. ఔరంగజేబు దాదాపు ఎనిమిది నెలలు కోటను ముట్టడించెను. కడపట లోపలివారొకరు తలుపు తీయగా సెప్టెంబరులో కోట చేజారెను. అబ్దుల్ రజాక్ లారీ మాత్రము తుదివరకు పోరాడి గాయపడెను. అబుల్ హసన్ తానీషా దౌలతాబాదు కోటలో బందీయై అచటనే మరణించెను. నగరపు టంకసాలలో వెలువడిన రూపాయలపై హైదరాబాదు దారుల్ జిహాద్ అని ముద్రితమైనది. హొన్నుకు అలవాటుపడిన దేశమునకు వెండి రూపాయి ప్రధాన నాణెమగుట చిన్న మార్పు కాదు. నేడు మొఘల్‌పురాకు చేరువనే, హరిబౌలిలో, అక్కన్న మాదన్నల పేరు మోయు మహంకాళి దేవాలయమున్నది. గెలిచినవారి పేరు, చంపబడినవారి పేరు ఇరుగుపొరుగున నిలిచినవి.

ముగింపునకు సైతము రెండు సమాధానములే. 1709లో ఔరంగజేబు కుమారులు బహదూర్‌షా, కాంబక్షులు ఈ నగరము వెలుపలనే సింహాసనమునకై పోరిరి. పల్లెలలో సర్వాయి పాపన్న వంటివారు లేచిరి. 1708లో ఆయన ఓరుగల్లును కొల్లగొట్టెను. 1724 అక్టోబరులో షకర్‌ఖేడా వద్ద సుబేదారు ముబారిజ్‌ఖానును ఓడించి నిజాముల్ముల్కు దక్కనును వశపరచుకొనెను. ఆచరణలో ఢిల్లీ పాలన అంతటితో సరి. అనగా ముప్పదియేడు ఏండ్లు మాత్రమే.

అయితే నిజాములు తాము స్వతంత్రులమని ప్రకటింపలేదు. చక్రవర్తి ప్రతినిధులుగానే వ్యవహరించుచు, హైదరాబాదు నాణెములను 1857 తిరుగుబాటు ముగియువరకు ఢిల్లీ చక్రవర్తి పేరనే ముద్రించిరి. మహారాష్ట్రులు నిజాం రాజ్యమును మొగలాయి యని పిలుచుట ఇందువలననే. పత్రమును నాణెమును ప్రమాణముగా గొన్నచో హైదరాబాదు మొఘలు కాలము 1636 నుండి 1857 వరకు, 221 ఏండ్లు. పాలనను గొన్నచో 1687 నుండి 1724 వరకు. రెండింటిలో ఏది సరి యని అడుగుటకంటె, ఏ ప్రమాణమున చెప్పుచున్నారని విద్యార్థిని అడుగుట మేలని నా అభిప్రాయము.

ఆ కాగితపు ప్రభుత్వము వట్టి మర్యాద కాదు. 1765లో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారులకై షా ఆలము వద్ద ఫర్మానా పొంది, మరుసటి ఏడాది నిజాముతో వేరుగా సంధి చేసికొనెను. ఢిల్లీ మాటకు విలువ లేకున్నచో కంపెనీవారు, లెక్కలు బాగుగా తెలిసినవారు, అచటికి పోయియుండరు. తరువాత గుంటూరు 1788లోను, దత్తమండలము 1800లోను వారికి చిక్కినవి. 1798 సైన్యసహకార ఒప్పందముతో నిజాము వారి కట్టుబాటులోనికి వచ్చెను గాని, ఆయన రాజ్యము 1948 సెప్టెంబరు వరకు పేరుకు ఆసఫ్‌జాహీలదే. ఆంగ్లేయుల కాలమను గడికి తెలుగువారిలోనే ఇన్ని ఆరంభములున్నవి.

మన సాహిత్య చరిత్రలకును ఈ గడుల ఛాయ సోకినది. 1775 మొదలు 1875 వరకు క్షీణయుగమని గీత గీయునపుడు, ఆ గీత నిజాం రాజ్యపు కవులకు వర్తించునా యని అడిగినవారు తక్కువ. తెలంగాణమున కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువరించి సమాధానమిచ్చిరి. కవులు దొరికిరి, కాలపట్టిక మాత్రము మారలేదు.

ఇక నాణెముల సంగతి. 1857 తరువాత ఢిల్లీ చక్రవర్తి పేరు తొలగి, ఆసఫ్‌జా పేరు వచ్చెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున మహబూబ్ అలీఖాను రూపాయిపై చార్మినారు బొమ్మ ముద్రితమైనది. మొఘలుల పేరు పోయిన చోట కుతుబ్‌షాహీల కట్టడము నిలిచినది.