ఆస్పత్రి ముందు నీడతోట

ఆస్పత్రికి రోగి ఒక్కరు వస్తే తోడుగా ఇద్దరు ముగ్గురు వస్తారు. రోగికి మంచం దొరుకుతుంది. వెంట వచ్చినవారికి చెట్టునీడే దిక్కు. ఈ సంగతి మాకు తెలియక కాదు. అయినా కొన్నేళ్ల క్రితం మోటారు సైకిళ్ల షెడ్డు కోసం ఓ.పి. ముందున్న రెండు వేపచెట్లు కొట్టిస్తామంటే మేమూ సరేనన్నాం. ఆ తరువాతి మే నెలలో, భార్యకు చీటీ రాయించడానికి వరుసలో నిలబడ్డ ఒక పెద్దాయన ఎండకు సొమ్మసిల్లి పడిపోయారు. రేకుల షెడ్డు కిందికి తీసుకువెళ్తే అక్కడ సెగ ఇంకా ఎక్కువ. సెలైన్ పెట్టాక తేరుకున్నారు గాని, ఆయన అడిగిన మాట మేము మరచిపోలేదు: "అమ్మా, ఇక్కడ వేపచెట్లుండాలే, ఏమయ్యాయి?"

2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. నీడ అలంకారం కాదు, ఆరోగ్యానికి అవసరం. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక ఆస్పత్రి రికార్డులు పరిశీలించారు. పిత్తాశయం ఆపరేషను అయినవారిలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ మాత్రమే కనిపించినవారికన్నా త్వరగా ఇంటికి వెళ్లారని తెలిపారు.

అందుకే మళ్లీ నాటుతున్నాం. మీ ఇంటి దగ్గరా ఇలాగే చేసుకోవచ్చు.

ఎక్కడ, ఏవి?

ముందుగా మధ్యాహ్నం మూడింటికి ఎండ ఎటునుంచి పడుతుందో చూడండి. పడమర, నైరుతి వైపు చెట్లుంటే గోడ కాగదు. కానుగ, వేప, పొగడ మనకు అనువైనవి. కానుగ, వేప వేసవి ముదరకముందే ఆకు రాల్చి కొత్త చిగురు తొడుగుతాయి. తురాయి సరిగ్గా ఎండలు ముదిరే వేళకు మోడుగా ఉంటుంది; పైగా గాలికి కొమ్మలు విరుగుతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కనుక ఏ చెట్టయినా గోడకు, కరెంటు తీగలకు దూరంగా నాటాలి.

మన నల్లనేల వానకు నీరు నిలుస్తుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. రెండడుగుల గొయ్యి తీసి, చివికిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి, మొక్కను కొంచెం మిట్టమీద నాటండి. తొలకరి వానలకు నాటితే వేసవినాటికి వేరు నిలదొక్కుకుంటుంది. వేసవిలో మొదట్లో ఎండుగడ్డి పరిస్తే తడి ఆరదు.

చెట్టు ఎదిగేదాకా పందిరి వేసి ఆనప, బీర పాదులు పాకించండి. రెండు నెలల్లో నీడ, ఆపైన కూర. నీడ పట్టున పసుపు, అల్లం, తమలపాకు తీగ బాగా వస్తాయి.

వీటితో జాగ్రత్త

గన్నేరు, పచ్చగన్నేరు విషం. గుండె లయ తప్పుతుంది. డంబ్‌కేన్ ఆకు పిల్లలు నమిలితే నోరు మండి, నాలుక వాస్తుంది. పిల్లలు తిరిగేచోట ఇవి వద్దు. కుండీల కింద పళ్లాల్లో నీరు నిలిస్తే డెంగ్యూ దోమలు పెరుగుతాయి. వారానికొకసారి వంపేసి, తోమి ఆరబెట్టండి.

ఎవరైనా ఎండకు తూలిపడితే వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడిచి విసరండి. స్పృహ ఉంటే ఓ.ఆర్.ఎస్. తాగించండి. మాట తడబడినా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

మేము నాటిన కానుగ మొక్కలు ఇప్పుడు నడుమెత్తున ఉన్నాయి. మనిషి కూర్చునే నీడకు ఇంకా కొన్నేళ్లు పడుతుంది. అంతవరకు ఆనప పందిరి కింద బల్లలు వేయించాం. మీవారిని చూడడానికి వచ్చినప్పుడు ఆ మొక్కలకు తలా ఒక చెంబు మంచినీళ్లు పోయండి. ఆ నీడలో రేపు కూర్చునేది మీవారే.