మీకు తెలుసా? చుక్క కారని చీమే ప్రమాదకరము

ఆడకుక్కకు గర్భాశయమున చీము పట్టినపుడు, తోకక్రింద చీము కారుచుండెడి వ్యాధికంటె, బయటికి ఒక్క చుక్కయైనను రాని వ్యాధియే మిక్కిలి ప్రాణాంతకము. గర్భాశయముఖము మూసికొనిపోవుటచే చీమంతయు లోననే నిలిచి, అందలి ఈ.కోలై సూక్ష్మజీవుల విషము నీటిని నిలుపుకొను మూత్రపిండముల శక్తిని చెఱుపగా, తోటలలో కావలి కాయు కుక్క తొట్టెడు నీళ్లు మాటిమాటికి త్రాగుచు, పలుమారు మూత్రము విడుచుచు, అన్నము ముట్టక, పొట్ట ఉబ్బి పడియుండును. వేసవియైనచో ఎండదెబ్బయని యజమాని పొరబడుటయు సహజమే. సాధారణముగా ఎద ముగిసిన 4 నుండి 8 వారములకు పొడసూపు ఈ లక్షణములను కన్ననాడే పశువైద్యునిచే అల్ట్రాసౌండు చేయింపవలెను. సెలైను, యాంటీబయాటిక్కులతో తేర్చి, అండాశయములతోగూడ గర్భాశయమును తొలగించుటయే ప్రధానచికిత్స. పిల్లలను కోరువారికి, గర్భాశయముఖము తెఱచియున్న వ్యాధియందు, మందుల మార్గమొకటి కలదుగాని, మఱుసటి ఎదకు వ్యాధి తిరుగబెట్టుట కద్దు.