ఉదజనితో నడచు బరువు లారీలు

మా తరగతి గదుల కిటికీలు బాటవైపునకు తెరచుకొనును. వేసవిలో ఉదయము బల్లలు తుడిచిన గంటకే వ్రేలితో పేరు వ్రాయదగినంత ధూళి వాటిపై పేరుకొనును. ఇసుకయు, కంకరయు, సిమెంటును మోయు టిప్పరులు ఆ దారినే పోవుచుండును. గత సంవత్సరము నేను ప్రయోగశాలలో ఉదజనిని గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, “మా నాయన టిప్పరు తోలుతాడు సార్. రాత్రి ఇంటికొస్తే ఒకటే దగ్గు. ఈ గాలితో లారీ నడిపేదానికి కాదా?” అని యడిగెను. అంతలో గంట మ్రోగెను. నాడు చెప్పలేకపోయిన బదులే యీ వ్యాసము.

ఆనాటి ప్రయోగమును విద్యార్థులు మరచియుండరు. జింకు ముక్కలపై నీరు కలిపిన హైడ్రోక్లోరికామ్లమును పోయగా బుడగలు పుట్టినవి. ఆ వాయువునకు మండుచున్న పుల్లను చూపగా ‘టప్’ మను ధ్వని కలిగినది. పైన పట్టిన చల్లని గాజుపాత్ర లోపల చెమర్చినది. ఈ వాయువును 1766లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హెన్రీ కావెండిష్ వేరుపరచి దాని గుణములను వివరించెను. తరువాత ఫ్రాన్సు దేశపు లవోయిజే దీనికి ‘నీటిని పుట్టించునది’ అను అర్థము గల పేరు పెట్టెను. మన ‘ఉదజని’ యను మాటకును అదియే యర్థము. కాబట్టి నీటితో లారీ నడచునని తలపరాదు. కట్టె కాలగా బూడిద మిగిలినట్లు, ఉదజని కాలగా నీరు మిగులును. బూడిదను మరల కట్టెగా చేయుట ఎంత కష్టమో, నీటినుండి ఉదజనిని విడదీయుటయు అంత శ్రమతో కూడిన పని.

ఉదజనితో బండిని నడపుటకు రెండు మార్గములు గలవు. మొదటిది, డీజిలునకు మారుగా దానినే ఇంజనులో మండించుట. ఇందు బొగ్గు నుసి దాదాపుగా పుట్టదు. అయినను మంట వేడికి గాలిలోని నత్రజని ఆమ్లజనితో కలసి ఊపిరికి హాని చేయు వాయువులు కొంతవరకు పుట్టును. రెండవది ఇంధన ఘటము. దీని మూలసూత్రమును 1839లో వేల్సు దేశీయుడగు విలియం గ్రోవ్ కనుగొనెను. ఘటములో ఒక పలుచని పొరకు ఒకవైపున ఉదజనియు, రెండవవైపున గాలియు ప్రవేశించును. ఉదజనిలోని ఎలక్ట్రానులు పొరను దాటలేక తీగ వెంబడి చుట్టు తిరిగిపోవును. ఆ ప్రవాహమే విద్యుత్తు. అదియే మోటారును త్రిప్పును. గొట్టమునుండి వెలువడునది నీటి ఆవిరి మాత్రమే.

ఇది పుస్తకములోని మాట మాత్రము కాదు. 2020లో స్విట్జర్లాండునందు ఇట్టి లారీలు సరకు మోయ నారంభించినవి. తొట్లలో సుమారు 30 కిలోల ఉదజనిని నింపినచో అవి ఇంచుమించు 400 కిలోమీటర్లు పోగలవు. మన దేశమున 2025 మార్చిలో కేంద్ర ప్రభుత్వము 37 బస్సులను, లారీలను పది మార్గములలో పరీక్షించుటకు అనుమతి నిచ్చెను. వానిలో విశాఖపట్టణము నుండి బయ్యవరమునకు పోవు మార్గ మొకటి. అదే సంవత్సరము మే నెలలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున గని బొగ్గును మోయుటకు 40 టన్నుల బరువు లాగగల ఉదజని లారీని ప్రవేశపెట్టిరి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఉదజనిని తయారుచేయు గొప్ప కేంద్రమునకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగెను.

రాయలసీమవారు ఈ సంగతి వినిన వెంటనే, “త్రాగ నీళ్లకే కరవు గదా, లారీల కెక్కడివి?” అని యడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే, లెక్క చూతము. ఒక కిలో ఉదజనికి రసాయన శాస్త్రము ప్రకారము 9 లీటర్ల నీరు చాలును. నీటిని శుద్ధిచేయుటకును, యంత్రములను చల్లబరచుటకును పోవునది కలుపుకొనిన 20 మొదలు 30 లీటర్లగును. అనగా ఒక లారీని నింపుటకు హెచ్చుగా 900 లీటర్లు. కె.సి. కాలువ క్రింద ఒక ఎకరము వరికి పంటకాలమంతయు కలిపి ఒక మీటరు లోతు నీరు పెట్టిరనుకొందము. అది 40 లక్షల లీటర్లు. ఆ నీటితో నాలుగు వేల లారీలకు పైగా ఒక్కొక్కసారి నింపవచ్చును. పట్టణపు మురుగునీటిని శుద్ధిచేసి వాడినచో త్రాగు నీటిని ముట్టనక్కరయు లేదు.

అసలు చిక్కు విద్యుత్తునందున్నది. ఒక కిలో ఉదజనిని నీటినుండి విడదీయుటకు సుమారు 55 యూనిట్లు కావలెను. 30 కిలోలకు 1,650 యూనిట్లు. నెలకు 130 యూనిట్లు వాడు కుటుంబమునకు అది ఒక సంవత్సరమునకు పైగా వచ్చును. పైగా ఆ 55 యూనిట్లలో చక్రములకు చేరునవి ఇంచుమించు 16 మాత్రమే. అదే విద్యుత్తును బ్యాటరీలో నింపినచో 40కి పైగా చేరును. కావున ఊరిలోనే తిరిగి రాత్రి యింటికి చేరు బండ్లకు బ్యాటరీయే మేలు. బేతంచెర్ల నాపరాళ్లను, యెఱ్ఱగుంట్ల సిమెంటును మోయుచు రేయింబవళ్లు దూరము పోవు బండ్ల సంగతి వేరు. వానికి బ్యాటరీ బరువే గొప్ప భారమగును. గంటల తరబడి నిలచుటకును వీలుండదు. ఉదజని అట్టివానికి తగినది.

ఆ విద్యుత్తు ఎచ్చటిదని కూడ అడుగవలెను. నేడు లోకములోని ఉదజనిలో అధికభాగము సహజవాయువు నుండియు, బొగ్గు నుండియు తీయబడుచున్నది. సహజవాయువుతో ఒక కిలో చేసినచో సుమారు పది కిలోల బొగ్గుపులుసు వాయువు ఆకాశమున కెక్కును. పొగ ఒకచోట మాని మరియొకచోట పుట్టినచో ఫలమేమి? ఈ విషయమున మన సీమ ఎండయే మన సొత్తు. గని, శకునాల గ్రామముల యొద్ద 1,000 మెగావాట్ల సూర్యవిద్యుత్ కేంద్రము 2017లో పూర్తియైనది. ఇట్టి విద్యుత్తుతో చేసిన ఉదజనియే నిజముగా నిర్మలమైనది.

ఇక ధూళి సంగతి. 2019లో కేంద్ర ప్రభుత్వ మారంభించిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమములో, గాలి ప్రమాణము తప్పిన పట్టణములుగా కర్నూలు, కడప రెండును చేరినవి. ఇట్టి పట్టణములలో ముఖ్యదోషము గాలిలో తేలు సన్నని ధూళి. దానిలో డీజిలు పొగ ఒక పాలు మాత్రమే. బాటపై మట్టి, కట్టడముల దుమ్ము, కప్పులేని లోడు తక్కిన పాలు. ఉదజని లారీ అయినను పట్టా కప్పక కంకర మోసినచో దాని వెనుక అదే దుమ్ము లేచును. ఇంజను మారుటకు ఏండ్లు పట్టవచ్చును. పట్టా కప్పుటకు ఈ దినమే చాలును.

కాగా ఆ బాలునికి నా బదులు ఇది. నాయనా, ఈ గాలితో లారీ నడచును, నడచుచున్నది కూడ. మీ నాయన బండి వరకు అది వచ్చుటకు కాలము పట్టును, ధరయు తగ్గవలెను. అంతవరకు లోడుపై పట్టా కప్పుమనుము. నిలిపియుంచిన బండి ఇంజనును ఆపుమనుము. దగ్గు మానకున్న వైద్యునికి చూపుమనుము. నీవు మాత్రము రసాయన శాస్త్రమును శ్రద్ధగా చదువుము. 55 యూనిట్లలో 16 మాత్రమే చక్రమునకు చేరుచున్నవని చెప్పితిని గదా. ఆ పదియారును ఇరువది చేయువాడు మన బల్లలపై కూర్చున్నవారిలో ఒకడు కారాదా?