కోడి నాలుకను నమ్ముకోవద్దు

"పాడైన దాణా అయితే కోడే ముట్టదు గదండీ!" షెడ్ల పరిశీలనకు వెళ్ళినప్పుడు రుణగ్రహీతల నోట నేను తరచుగా వినే మాట ఇది. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో తెలుసుకొనడం కోళ్ళు పెంచే మీకూ, దాణా అమ్మే వర్తకులకూ అవసరం.

పక్షులకు రుచీ, వాసనా బొత్తిగా తెలియవని పూర్వం చాలామంది భావించేవారు. అది సరికాదు. న్యూజిలాండులోని కివి పక్షికి నాసికారంధ్రాలు ముక్కు కొననే ఉంటాయి. రాత్రివేళ అది నేలలో ముక్కు గుచ్చి, వానపాములను వాసనతో పసిగడుతుంది. అమెరికా ఖండాలలోని టర్కీ రాబందు చెట్ల గుబురు క్రింద దాగిన కళేబరాన్ని సైతం వాసనను బట్టి కనిపెట్టగలదు. మన దేశపు రాబందులు మాత్రం ముఖ్యంగా చూపు మీదనే ఆధారపడతాయి.

ఇక కోడి సంగతి చూద్దాం. మనిషి నోటిలో రుచిమొగ్గలు వేల సంఖ్యలో ఉండగా, కోడి నోటిలో ఉన్నవి కొన్ని వందలే. తీపిని గుర్తించడానికి కావలసిన జన్యువు కోడికి లేదు. మిరప ఘాటు కూడా దానిని బాధించదు. కళ్ళంలో ఆరబోసిన మిరపపండ్లను పక్షులు నిశ్చింతగా తినగలగడానికి కారణమిదే. చేదు, పులుపు, ఉప్పు మాత్రం దానికి తెలుస్తాయి. చేదు మందు కలిపిన నీటిని కోళ్ళు తక్కువగా త్రాగడం మీరు గమనించే ఉంటారు. అయితే గింజను ఏరుకొనేటప్పుడు కోడి ప్రధానంగా నమ్మేది తన కంటినే.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు మరణించాయి. వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో బూజు వలన పుట్టిన విషమే అందుకు కారణమని పరిశోధనలో తేలింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. ఆ దాణాను తినకుండా వాటి నాలుక వాటిని ఆపలేదు. ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గ్రుడ్ల దిగుబడిని తగ్గిస్తుంది, రోగనిరోధకశక్తిని హరిస్తుంది. పైకి కనిపించే బూజును దులిపివేసినా, ఎండబెట్టినా విషం పూర్తిగా పోదు.

కనుక ఆ పరీక్ష మీరే చేయాలి. మొక్కజొన్నను బాగా ఆరబెట్టి, తేమ 12 శాతానికి మించకుండా నిల్వ చేయండి. బస్తాలను చెక్కబల్లలపై, గోడకు ఎడంగా పేర్చండి. ముందు వచ్చిన బస్తాను ముందే వాడండి. గడ్డకట్టిన దాణా, ముక్కవాసన కొట్టే దాణా కోళ్ళకు పెట్టవద్దు. వర్తక మిత్రులు తడిసిన సరుకును మంచి సరుకులో కలపరాదు. కలిపితే ఉన్న మంచి సరుకు కూడా చెడుతుంది.

షెడ్డుపై తీసుకున్న రుణానికి వాయిదా చెల్లించేది గ్రుడ్ల రాబడితోనే. బస్తా విప్పగానే చేయి పెట్టి చూడండి, వాసన చూడండి. మీ కోడికి చేతకాని ఆ పని మీకు చేతనవుతుంది.