ఆటలోని కథానాయకుడు: నేనా, అతడా?

మన బాలబాలికలు సెల్‌ఫోనులలోను, కంప్యూటర్లలోను ఆడుచున్న వీడియో గేములలో పెక్కింటికి నేడు కథ కలదు. కథ యున్నచోట నాయకుడును ఉండును. ఈ నాయకులు ముఖ్యముగా రెండు విధములవారు. ఈ భేదము నెఱిగిన తల్లిదండ్రులకు, తమ బిడ్డ ఆటయందు ఏమి నేర్చుచున్నాడో తెలిసికొనుట సులభమగును.

మొదటివాడు రచయితచే నిర్ణయింపబడిన నాయకుడు. పుణె నగరమున నిర్మింపబడి 2020లో వెలువడిన 'రాజీ' యను ఆట ఇందుకు నిదర్శనము. అపహరింపబడిన తమ్ముని వెదకుచు పోవు బాలిక కథ అది. ఆమె పేరును గాని, ఆమె దుఃఖమును గాని మనము మార్చజాలము. ఆటగాడు బాలుడైనను, ఆ కొంతసేపు ఒక అక్క మనస్సును తెలిసికొనవలసినదే. 1947లో ఈ చెన్నపట్టణముననే ప్రారంభమైన 'చందమామ'లోని బేతాళకథల విక్రమార్కుడును ఇట్టివాడే. పాఠకుడెంత కోరినను అతడు మౌనముగా నుండజాలడు. సమాధానము తెలిసియు చెప్పకున్న తల పగులును గదా!

రెండవవాడు ఆటగాడు మలచుకొను నాయకుడు. 2011లో వచ్చిన 'స్కైరిమ్' ఆటలో నాయకుని ముఖమును, పేరును ఆటగాడే ఏర్పఱచుకొనును. 2007 నాటి 'మాస్ ఎఫెక్ట్' మధ్యేమార్గము నవలంబించినది. నాయకుడు పురుషుడో స్త్రీయో మన యిష్టము. మొదటి పేరును మన యిష్టమే. ఇంటిపేరు మాత్రము 'షెపర్డ్' అని స్థిరము. ఏలయన, తక్కిన పాత్రలు నాయకుని పేరుపెట్టి పిలువవలెను. ఆటగాండ్రు పెట్టుకొను పేర్లన్నిటిని ముందుగా ధ్వనిముద్రణ చేయుట అసాధ్యము.

ఇట్టి కథను తెలుగున వ్రాయబూనినచో మఱియొక చిక్కు గలదు. 'నేను వచ్చితిని', 'నీవు వచ్చితివి' అనునపుడు స్త్రీపురుషభేదము లేదు. ఇతరులు నాయకునిగూర్చి చెప్పునపుడు మాత్రము 'వచ్చినాడు', 'వచ్చినది' అని క్రియయే మాఱును. ఆంగ్లమున సర్వనామము మాఱినను క్రియ మాఱదు. కావున తెలుగు రచయిత అట్టి వాక్యములను రెండు విధముల వ్రాయవలెను. లేదా 'వచ్చినారు' అను గౌరవరూపము నాశ్రయింపవలెను.

ఈ రెంటిలో ఏది మేలు? రెండును మేలే. మలచుకొన్న నాయకుడు నిర్ణయమునందలి బాధ్యతను నేర్పును. స్థిరనాయకుడు పరుల హృదయమును చూపును. ఎల్లప్పుడు తననే నాయకునిగా చేసికొను బిడ్డకు రెండవ లాభము దక్కదు.

మన చూలైలో వీథిలో తమిళము, తెరపై ఆంగ్లము వినబడుచుండగా, తెలుగు ఇంటికిని బడికిని పరిమితమైనది. సాహసములన్నియు ఆంగ్లముననే అనుభవించిన బిడ్డకు వానిని చెప్పుటకు తెలుగుమాటలు అందవు. కావున రాత్రి భోజనవేళ ఆటలోని కథను తెలుగున చెప్పించుడు. బిడ్డ 'నేను' అని చెప్పినచో, 'నీవేల అట్లు చేసితివి?' అని అడుగుడు. 'ఆమె' అని చెప్పినచో, 'ఆమె ఏల అట్లు చేసినది?' అని అడుగుడు. మొదటి ప్రశ్న తన నడవడిని, రెండవది పరుల నడవడిని విచారింపజేయును. ఈ రెంటికిని తెలుగున బదులు చెప్పనేర్చిన బిడ్డకు మాతృభాష పరీక్షకొఱకు చదువు పాఠముగా మాత్రమే మిగులదు.