ఫ్రెంచిలో ‘టైముంది’ అనడం ఎలా?

ఢిల్లీలో ఒకటో నంబరు అశోకా రోడ్ అంటే ఆంధ్రాభవన్. మధ్యాహ్నం క్యాంటీన్ క్యూలో మీ వెనక ఒక ఫ్రెంచి అతిథి ఉన్నారనుకోండి. “తొందరగా వెళ్లాలా?” అంటే “ఝే తూ మోఁ తాఁ” అంటారు. తొందరేం లేదు, బోలెడు టైముందని అర్థం.

ఎందుకలా? మనం “నాకు ఉంది” అంటాం. ఫ్రెంచిలో ‘ఆవ్వార్’, అంటే ‘కలిగి ఉండు’ అనే క్రియ వాడతారు. ఆకలి, వయసు చెప్పాలన్నా అదే క్రియ. ‘తాఁ’ అంటే సమయం. దాని స్పెల్లింగులో చివరి ‘పి’, ‘ఎస్’ పలకరు.

ఎలా వాడాలి?

• ఝే ల తాఁ ద మాఁఝే: తినడానికి సరిపడా టైముంది.
• ఝే ద్యు తాఁ: కాస్త తీరిక ఉంది.
• ఝ నే పా ల తాఁ: నాకు టైము లేదు. మాటల్లో దీన్నే “ఝే పా ల తాఁ” అనేస్తారు.

‘తాఁ’కు వాతావరణం అనే అర్థం కూడా ఉంది. ఏదన్నది సందర్భమే చెబుతుంది.