హంతకుడెవరో చెప్పకుండా... పుస్తకం అమ్మేదెలా?
రహస్యాన్ని దాచుకుంటూనే పాఠకుడిని వెతుక్కోవాల్సిన పరిశోధక నవలాకారుడు

ఇబ్రహీంపట్నం: కవి తన పద్యాన్ని సభలో చదివి మెప్పించవచ్చు. చరిత్రకారుడు తాను కనుగొన్న విషయాన్ని ముందే చెప్పి ఆసక్తి రేకెత్తించవచ్చు. అపరాధ పరిశోధక నవల రాసినవారికి ఆ వెసులుబాటు లేదు. కథ ఏమిటని అడిగితే సగమే చెప్పాలి. ఆ చెప్పిన సగం పుస్తకం కొనిపించాలి, చెప్పని సగం చివరి పుట దాకా చదివించాలి. సాగర్ రహదారిపై ఇబ్రహీంపట్నం వంటి పట్టణంలో ఉంటూ నవల రాసే వ్యక్తికి ఈ చిక్కుతోపాటు మరికొన్ని తోడవుతాయి. ముద్రాపకుడు, పంపిణీదారుడు, పెద్ద పుస్తక దుకాణం అన్నీ హైదరాబాద్‌లోనే ఉంటాయి. అందుకే రాయడం సగం పనే, మిగతా సగం తిరగడం.

పత్రికలే పందిరి వేసిన రోజులు
తెలుగులో పత్తేదారు నవలలకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 20వ శతాబ్ది తొలి దశకాల్లో బెంగాలీ రచయిత పాంచ్‌కడీ దేవ్ నవలలు తెలుగులోకి వచ్చి పాఠకులకు ఈ రుచి మప్పాయి. ఆ తరువాతి కాలంలో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు ఇంటింటి పేర్లయ్యారు. హనుమకొండకు చెందిన మధుబాబు ‘షాడో’ పాత్రతో యువతరాన్ని ఆకట్టుకున్నారు. పెద్ద నగరంలో ఉంటేనే పాఠకులు దొరుకుతారన్న అభిప్రాయం సరికాదనడానికి ఆయనే నిదర్శనం.

అప్పట్లో రచయిత తన పుస్తకాన్ని చేత పట్టుకుని ఊరూరా తిరగాల్సిన అవసరం అంతగా ఉండేది కాదు. వారపత్రికలో ధారావాహికగా వస్తే అదే ప్రచారం. ప్రతి వారం ఉత్కంఠభరితమైన ఘట్టం వద్ద ఆపితే వచ్చే వారం సంచిక కోసం పాఠకుడే దుకాణానికి వచ్చేవాడు. అద్దె పుస్తకాల దుకాణాలు, బస్టాండు పుస్తకాల అంగళ్లు, ఎమెస్కో ‘ఇంటింటి గ్రంథాలయం’ వంటి పథకాలు మిగతా పని చేసిపెట్టేవి. అద్దె దుకాణంలో ఒకే ప్రతి పదుల చేతులు మారేది. దానివల్ల రచయితకు రాబడి పెరగకపోయినా పేరు పెరిగేది.

ఆ పందిరి క్రమంగా కూలిపోయింది. టెలివిజన్ ధారావాహికలు వచ్చాక అద్దె దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1978లో మొదలై నెలకో నవల అందించిన ‘చతుర’ 2021లో నిలిచిపోయింది. పత్రిక చేసిన పనంతా ఇప్పుడు రచయిత నెత్తిన పడింది.

బహుమతి ప్రకటించి... అప్పులపాలై
ప్రచారం హద్దు మీరితే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఇంగ్లండ్‌లో ఉంది. ఎడ్గార్ వాలెస్ 1905లో ‘ద ఫోర్ జస్ట్ మెన్’ నవలను సొంతంగా ప్రచురించారు. తలుపులు మూసిన గదిలో మంత్రి ఎలా మరణించారో సరిగ్గా ఊహించిన పాఠకులకు 500 పౌండ్ల బహుమతి ప్రకటించారు. గోడ ప్రకటనలతో ఊరంతా హోరెత్తించారు. పుస్తకం బాగానే అమ్ముడైంది. కానీ బహుమతి ఎంతమందికి అన్న నిబంధనలో పరిమితి పెట్టడం మరిచారు. సరైన జవాబులు అనేకం వచ్చిపడ్డాయి. చివరకు డెయిలీ మెయిల్ అధిపతి ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ అప్పు ఇచ్చి గట్టెక్కించాల్సి వచ్చింది. నవల నిలిచింది, లాభం మాత్రం ఆవిరైంది. ఆ వాలెస్ పేరునే బిరుదుగా చేర్చి కొమ్మూరిని మన పాఠకలోకం ‘ఆంధ్రా ఎడ్గార్ వాలెస్’ అని పిలుచుకోవడం విశేషం.

దీనికి భిన్నమైన మార్గం అగాథా క్రిస్టీ నాటకం ‘ద మౌస్‌ట్రాప్’ది. 1952లో లండన్‌లో మొదలైన ఈ నాటకం ముగియగానే, హంతకుడి పేరు బయట చెప్పవద్దని ప్రేక్షకులను కోరడం ఆనవాయితీ. రహస్యాన్ని ప్రేక్షకుడి చేతిలోనే పెట్టి కాపాడమనడం అక్కడ పెద్ద ప్రచారమైంది.

ముఖం చూపకుండా ఒకరు... వేదికలెక్కి ఒకరు
తెలుగులోనూ రెండు దారులు కనిపిస్తాయి. ‘చంటబ్బాయ్’ నవలతో డిటెక్టివ్ పాండురంగారావును నవ్వులతో పరిచయం చేసిన మల్లాది వెంకట కృష్ణమూర్తి దశాబ్దాలపాటు సభలకు, సన్మానాలకు దూరంగా ఉన్నారు. తన ఛాయాచిత్రం కూడా ప్రచురించనివ్వలేదు. ఆ నవల 1986లో జంధ్యాల దర్శకత్వంలో చిరంజీవి కథానాయకుడిగా చిత్రమైంది. రచయిత కనిపించకపోవడమే పాఠకుల్లో కుతూహలం పెంచింది.

యండమూరి వీరేంద్రనాథ్ దారి వేరు. ఉత్కంఠ నవలలతో పేరు తెచ్చుకున్న ఆయన తదనంతరం వ్యక్తిత్వ వికాస గ్రంథాలు రాశారు, కళాశాలల్లో ఉపన్యాసాలిచ్చారు, విద్యార్థులతో నేరుగా మాట్లాడారు. అయితే ఈ ఇద్దరికీ వెనుక లక్షలాది వారపత్రిక పాఠకుల బలం ఉంది. కొత్త రచయిత ముఖం దాచుకుంటే కుతూహలం పుట్టదు, ఆ పుస్తకం ఉన్నట్లే ఎవరికీ తెలియదు.

లెక్క చూస్తే...
సొంతంగా అచ్చు వేసుకునే రచయితకు మొదట ఎదురయ్యేది లెక్కల చిక్కు. ఉదాహరణకు 500 ప్రతులు అచ్చు వేశారనుకుందాం. ప్రతికి 60 రూపాయల చొప్పున ఖర్చు 30 వేలు. ధర 150 రూపాయలు పెట్టి, పంపిణీదారుకు 40 శాతం కమిషన్ ఇస్తే చేతికి వచ్చేది ప్రతికి 90 రూపాయలు. అంటే 334వ ప్రతి అమ్ముడయ్యే దాకా పెట్టుబడే తిరిగి రాదు. సమీక్షలకు, మిత్రులకు, పెద్దలకు 50 ప్రతులు ఉచితంగా పోతే మిగిలేవి 450. అవన్నీ అమ్ముడైనా వచ్చేది 40,500 రూపాయలు, మిగులు 10,500. ఏడాది శ్రమకు అదే ప్రతిఫలం. దుకాణాల నుంచి బాకీలు ఆలస్యంగా వస్తే అదీ కాగితం మీదే ఉంటుంది.

అందువల్ల నవలాకారుడి దినచర్యలో రాతకు ఉదయపు వేళలే దక్కుతాయి. ఆపైన ఉద్యోగమో వ్యాపారమో చూసుకోవాలి. సాయంత్రం పుస్తకాలు కట్టలు కట్టడం, చిరునామాలు రాయడం, దుకాణాల్లో ఎన్ని ప్రతులు మిగిలాయో ఆరా తీయడం. ఆదివారం నగరానికి వెళ్తే ఆబిడ్స్ కాలిబాటపై పాత పుస్తకాల నడుమ యుగంధర్ నవలలకు ఇంకా గిరాకీ ఉండటం కనిపిస్తుంది. పాఠకుడు పోలేదు, అతడి దగ్గరికి వెళ్లే దారులే మారాయి.

తెలుసుకోవలసిన నిబంధనలు
పుస్తకానికి అంతర్జాతీయ ప్రామాణిక సంఖ్య, అంటే ఐఎస్‌బీఎన్, మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ సంస్థ దీన్ని ఇస్తుంది. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాలి. ముద్రిత పుస్తకాలపై జీఎస్టీ లేదు.

తపాలా విషయంలో జాగ్రత్త అవసరం. చిన్న ప్రచురణకర్తలకు ఆసరాగా ఉన్న రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ సదుపాయాన్ని తపాలా శాఖ 2024 డిసెంబరులో తొలగించింది. 2025 మే 1న ‘జ్ఞాన్ పోస్ట్’ను ప్రవేశపెట్టింది. పన్నులు కాక 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు రుసుము నిర్ణయించింది. ఇది విద్యా, సాంస్కృతిక, ఆధ్యాత్మిక గ్రంథాలను ఉద్దేశించినది. నవల ఆ కోవలోకి వస్తుందో లేదో పోస్టాఫీసులో ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

పుస్తకాన్ని ఫొటోలు తీసి పీడీఎఫ్‌గా ఫోన్లలో పంచడం మరో బెడద. కథలోని గుట్టే సరుకైన ఈ నవలలకు ఆ నష్టం రెట్టింపు. రచయిత జీవితకాలంతోపాటు మరణానంతరం 60 ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది. 1957 చట్టం ప్రకారం ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

చేరువలోనే పాఠకులు
ఇబ్రహీంపట్నం పరిసరాల్లో ఇంజినీరింగ్ కళాశాలలు అనేకం ఉన్నాయి. వేలాది విద్యార్థులు నిత్యం సాగర్ రహదారిపై బస్సుల్లో గంటల తరబడి ప్రయాణిస్తారు. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్దచెరువు, రోజురోజుకూ మారుతున్న భూముల ధరలు, నగరం చొచ్చుకొస్తున్న పల్లెలు ఇక్కడి రచయితకు సొంత నేపథ్యాలు. యుగంధర్ మద్రాసు వీధుల్లో నేరస్థులను వెంటాడినట్లే మరొక పరిశోధకుడు ఈ చెరువు కట్టపై ఆనవాళ్లు వెతకవచ్చు. తమ ఊరి పేరు కథలో చూసిన పాఠకుడు పుస్తకం తిరగేయకుండా ఉండడు.

గ్రంథాలయాలూ తోడ్పడాలి. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున ప్రజలు గ్రంథాలయ పన్ను చెల్లిస్తున్నారు. ఆ సొమ్ముతో కొనే పుస్తకాల్లో స్థానిక రచయితల నవలలకూ చోటు దక్కాలంటే రచయిత దరఖాస్తుతో పాటు పాఠకుల కోరిక కూడా ఉండాలి. గ్రంథాలయంలో ఫలానా నవల కావాలని అడగడం పాఠకుడు ఖర్చు లేకుండా చేయగల సాయం. హైదరాబాద్‌లో ఏటా జరిగే పుస్తక ప్రదర్శనలో రచయితతో నాలుగు మాటలు మాట్లాడటం మరొకటి. చదివి నచ్చిన నవలను పదిమందికి చెప్పడం మూడోది. చెప్పేటప్పుడు హంతకుడి పేరు ఒక్కటి మాత్రం దాచిపెడితే చాలు.